ఆదివారం సినిమా ఆపొద్దు

పోస్ట్ పెద్దగనే ఉంటది. సగం చదివి కామెంట్ పెట్టకుండా చివరిదాకా చదవమని ముందే అడుగుతున్నా.

మా హాస్టల్లో ఆదివారం రాత్రి సినిమా చూసి మాట్లాడుకునే అలవాటు ఏడాది నుంచి ఉంది. మొదట పది మందిమి, తర్వాత ముప్పై నలభై. ఒక సీనియర్ అన్న ల్యాప్‌టాప్, మెస్ హాల్ గోడ, అడిగి తెచ్చుకున్న పాత ప్రొజెక్టర్. సినిమా అయిపోయినాక లైట్లు వేసి గంటసేపు కూర్చోవాలి. అదొక్కటే రూల్. పోయిన నెల 'కాంతార' వేసినప్పుడు ఆ గంట రెండు గంటలైంది. మాటలు అరుపులైనయ్. చివరికి ఇద్దరు కాలర్లు పట్టుకున్నరు. ఒకడు చర్చికి పోయే ఇంటి పిల్లగాడు. ఇంకోడు అప్పుడు అయ్యప్ప మాలలో ఉన్నడు. ఇద్దరి మధ్యల నిలబడ్డది నేను, చొక్కా చినిగింది కూడా నాదే. తెల్లారి వార్డెన్ సార్ ప్రొజెక్టర్ తీసుకపోయి బీరువాలో పెట్టి తాళం వేసిండు. ఆ తర్వాత ఈ గ్రూపులో కూడా ఇద్దరు ముగ్గురు అన్నలు రాసిన్రు. దేవుని మీద చర్చలు పెట్టి పిల్లల్ని విడగొడుతున్నరని, ఆ టైంల గ్రూప్స్‌కు చదువుకుంటే ఉద్యోగమన్నా వస్తదని.

ఉద్యోగం నాకూ కావాలి. మా ఇంట్ల కాలేజీ గడప తొక్కింది నేనొక్కణ్నే. నేను డిగ్రీ తప్పితే మా నాయన ఎవరి ముందు ఏం మాట పడాల్సి వస్తదో నాకు తెలుసు. అయినా ఆదివారం సినిమా ఆపొద్దనే అంటున్నా. ఎందుకంటే మేం సినిమా చూసి విడిపోలేదు. హాస్టల్‌కు రాకముందే విడిపోయి ఉన్నం. ఒకే గూడెం, ఒకే ఇంటిపేరు, మూడు దేవుళ్లు. కాకపోతే దాని గురించి ఎప్పుడూ ఒక్కచోట కూర్చొని మాట్లాడింది లేదు. ఇంటి దగ్గర మాట్లాడితే గొడవ అయితదని పెద్దలు నోరు మూయిస్తరు. క్లాసుల మాట్లాడితే పరీక్షకు రాదంటరు.

క్లాసు సంగతి వచ్చింది కాబట్టి చెబుతా. మా పుస్తకంలో తత్వశాస్త్రం అంటే గ్రీకు వాళ్లు, ఆరు దర్శనాలు, శంకరాచార్యుడు, బుద్ధుడు. అంతా పేజీలకు పేజీలు. మనం వచ్చేసరికి సగం పేజీ. గిరిజన మతం అంటే సర్వాత్మవాదం, ప్రకృతి ఆరాధన. అయిపోయింది. ఆ సర్వాత్మవాదం అనే మాటను ఎడ్వర్డ్ టైలర్ అనే ఇంగ్లీషాయన 1871లో పుస్తకం రాసి ప్రచారంలోకి తెచ్చిండు. నూటయాభై ఏండ్లు దాటినా ఇప్పటికీ మన గురించి అదే మాట. వాళ్లకు ఆలోచన ఉంటది, మనకు ఆచారం ఉంటది, అన్నట్టు ఉంటది ఆ పేజీ చదివితే.

సరే, కాంతార. దాదాపు అందరూ చూసిన సినిమానే, రిషబ్ శెట్టి తీసింది, 2022లో వచ్చింది. అయినా మొదటి కథ ఒకసారి గుర్తు చేస్తా, గొడవంతా దాని చుట్టే కాబట్టి. 1847లో మనశ్శాంతి లేని ఒక రాజు అడవిలో రాయి రూపంలో ఉన్న పంజుర్లి దైవాన్ని తన ఇంటికి తీసుకుపోతాడు, బదులుగా అక్కడి జనానికి భూమి ఇస్తాడు. 1970లో ఆ వంశంవాడు వచ్చి భూమి తిరిగి ఇయ్యమంటాడు. దైవం ఒంటిమీదికి వచ్చిన మనిషి కుదరదంటాడు. అప్పుడు ఆ దొర అడుగుతాడు, ఇప్పుడు మాట్లాడింది దైవమా, నువ్వా అని. ఆ మనిషి అడవిలోకి ఉరికి మాయమైపోతాడు.

ఆ సీనుకు ఒళ్లు జలదరించిందని అందరూ అంటరు. నాకైతే మా అవ్వ గుర్తొచ్చి తల దించుకున్న.

మా అవ్వకు ముత్యాలమ్మ వస్తది. కొత్తల పండుగకు డోలు గట్టిగ మోగిందంటే చాలు, అవ్వ లేస్తది. డెబ్బై ఏండ్ల మనిషి, మామూలు రోజుల్ల గుమ్మం దాటాలంటే నా భుజం పట్టుకుంటది, ఆ రోజు పట్టుకుందామన్నా ఆగదు. నేను ఎనిమిదిల ఉన్నప్పుడు మా బడి సార్ ఒకాయన పండుగ చూస్తనని ఊరికి వచ్చిండు. అవ్వను చూసి నవ్విండు. ఇది హిస్టీరియా అంటరు, మూఢనమ్మకం, మీరన్నా చదువుకొని మారాలె అన్నడు. సార్‌తో పాటు నేనూ నవ్విన. ఈ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలే. అదే పూనకం తెర మీద రిషబ్ శెట్టికి వస్తే దేశమంతా చప్పట్లు కొట్టింది, అవార్డు ఇచ్చింది. మా అవ్వకు వస్తే జబ్బు. ఈ తేడా ఎక్కడిది అన్నదే నేను ఆ రాత్రి ముందుగా అడిగిన ప్రశ్న.

దానికి చర్ల తమ్ముడు చెప్పింది వినండి. వాడు ఫస్టియర్, ఎప్పుడూ మాట్లాడడు, వెనక గోడకు ఆనుకొని కూర్చుంటడు. వాడన్నది ఏందంటే, ఆ దొర అంతకుముందు ఎన్నిసార్లు కోలకు వచ్చి ఉంటడు, ఎన్నిసార్లు దీవెన తీసుకొని ఉంటడు, అప్పుడెప్పుడన్నా దైవమా నువ్వా అని అడిగిండా? భూమి నీది కాదు అన్నప్పుడే ఆయనకు డౌటు వచ్చింది. హాల్ల ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడలే. తర్వాత కామర్స్ చదివే మా రూంమేట్ లేచి, అట్లైతే పూనకం నిజమా కాదా అన్నది అక్కర్లేదా, మనకు భూమి దక్కితే అబద్ధమైనా సరేనా అని అడిగిండు. వాడు అడిగింది కూడా తప్పేం కాదు. ఒక మాట నిజం కావడం వేరు, ఒక మాట మనకు పనికిరావడం వేరు. ఈ రెండింటి మధ్య తేడా గురించి పెద్ద పెద్ద తత్వవేత్తలు కొట్లాడుకున్నరని మా పుస్తకంలనే ఉంది. పరీక్ష కోసం చదివినప్పుడు నాకు ముక్క అర్థం కాలేదు. ఆ రాత్రి అర్థమైంది.

గొడవ మొదలైంది దీని దగ్గర కాదు. ఒక తమ్ముడు, పంజుర్లి అంటే పంది రూపం కదా, అంటే అది విష్ణుమూర్తి వరాహావతారమే, సినిమా పాట కూడా అదే చెబుతుంది అన్నడు. ఇంకో తమ్ముడు, ఏ అవతారం కాదు, మనిషిని పట్టి ఊపేది దయ్యమే, మా పాస్టర్ గారు చెప్పిన్రు అన్నడు. అంతే, లేచిన్రు ఇద్దరు. నేను మధ్యల నిలబడి కూడా ఆలోచిస్తనే ఉన్న. ఒకడు ఆ దైవాన్ని పైకి లాక్కపోతున్నడు, ఒకడు కిందికి తోస్తున్నడు. తుళునాడు జనం తరతరాలుగా దాన్ని ఏమనుకుంటున్నరో ఇద్దరికీ అక్కర్లేదు. కర్ణాటకలో కూడా ఆ సినిమా వచ్చినప్పుడు ఇదే నడిచింది, భూతకోల హిందూ సంప్రదాయమా, అంతకంటే ముందుదా అని. ఉట్నూరన్న అప్పుడు జనాభా లెక్కల కాగితం గురించి చెప్పిండు. మతం అన్న గడిలో మనకంటూ సొంత పేరు లేదు. జార్ఖండ్ అసెంబ్లీ 2020లో సర్నా పేరుతో వేరే కోడ్ కావాలని తీర్మానం చేసింది. మన దగ్గర ఆ మాట ఎత్తేవాళ్లే తక్కువ. పేరు మనం పెట్టుకోకపోతే ఎవరో ఒకరు వచ్చి పెడతనే ఉంటరు కదా.

అరుపుల్ల పడి ఆ రాత్రి ఒక ముఖ్యమైన మాట కొట్టుకపోయింది. దాని కోసమే ఇంత పొడుగు రాస్తున్నా. సినిమాలో ఆ తండ్రి చచ్చిపోయి స్వర్గానికి పోడు. అడవిలోకి పోతాడు. మన సమ్మక్క తల్లి కూడా అంతే కదా. యుద్ధంలో దెబ్బతిని చిలుకలగుట్ట వైపు నడిచిపోయి కనబడకుండా పోయిందని, వెతుక్కుంట పోతే పుట్ట దగ్గర కుంకుమ భరిణె దొరికిందని పెద్దలు చెబుతరు. రెండేండ్లకోసారి మాఘమాసంల ఆ గుట్ట మీది నుంచే తల్లిని గద్దెకు తెస్తరు. విగ్రహం లేదు. వెదురు ఉంది, కుంకుమ ఉంది, బెల్లం ఉంది. చిన్నప్పటి నుంచి జాతరకు పోతున్నా, గుట్ట అంటే ఏందో ఎన్నడూ ఆలోచించలే. మన దేవుడు పైన ఎక్కడో లేడు, ఫలానా గుట్ట మీద, ఫలానా చెట్టు కింద ఉంటడు.

మరి ఆ గుట్ట పోతే? ఇది నా ప్రశ్న కాదు. కుక్కునూరు వైపు తమ్ముడిది. పోలవరం ముంపుల వాళ్ల ఊరు పోయింది. పునరావాస కాలనీలో ముత్యాలమ్మకు సిమెంటు గుడి కట్టారన్నా, కానీ అమ్మ వచ్చిందో రాలేదో మా నాన్నకే తెలియదు, పండగ మాత్రం చేస్తున్నాం అన్నడు. ఆకాశంల ఉండే దేవునికి ఏ ప్రాజెక్టు అడ్డం రాదు. మన దేవునికి వస్తది. ఫారెస్టోళ్లు కందకం తవ్వినా, బొగ్గు కోసం ఓపెన్‌కాస్ట్ తవ్వినా అది భూమి కేసు మాత్రమే కాదు, దేవుని కేసు కూడా. 2006 అటవీ హక్కుల చట్టం కింద పోడు పట్టాకు అర్జీ పెడతం. వేల్పుకు పట్టా ఏ ఆఫీసుల ఇస్తరు? ఆ తమ్ముడి మాట మీద ఇంకో గంట మాట్లాడాల్సింది. కాలర్లు పట్టుకునే లొల్లిల అది పోయింది. నాకు కోపం దాని మీద.

సెలవులకు ఇంటికి పోయినప్పుడు అవ్వకు ఫోన్ల కాంతార చివరి సీను చూపించిన. పెద్ద శబ్దం, మంటలు, ఆ అరుపు. అవ్వ కండ్లు చిన్నగ చేసుకొని మొత్తం చూసింది. అయిపోయినాక ఒక్కటే అడిగింది. "ఆ పిల్లగానికి దేవుడు దిగినంక నీళ్లు ఎవలన్నా ఇచ్చిన్రార?" నాకు జవాబు తెల్వలే. రెండోసారి పెట్టి చూసినా కనబడలే. అప్పుడు అడిగిన, నీకు వచ్చినప్పుడు మాట్లాడేది నువ్వా, అమ్మనా అని. అదే దొర ప్రశ్న, కానీ నేను నవ్వుతూ అడగలేదు. "నాకేం యాదికుండదు బిడ్డ. నడుము నొప్పి మాత్రం మూడొద్దులు నాదే" అన్నది. దీని మీద నేను ఇంకా ఆలోచిస్తనే ఉన్న.

ఇంకో రెండు మూడు సినిమాల గురించి చెబితే గాని మా ఆదివారాలు ఎట్లుంటయో మీకు తెల్వదు. 'భక్త కన్నప్ప' చూసినం, 1976లో బాపు గారు తీసింది, కృష్ణంరాజు తిన్నడు. వేటగాడు. పుక్కిటితో నీళ్లు తెచ్చి లింగానికి స్నానం చేయిస్తాడు, మాంసం రుచి చూసి మంచిది ఏరి పెడతాడు. పూజారికి అది మైల. దేవునికి మాత్రం ఇష్టం. ఇంతవరకు మా వాళ్లందరికీ సంతోషమే, ఈల కూడా వేసిన్రు. తర్వాత లింగం కంట్లోంచి రక్తం కారితే తిన్నడు తన కన్ను పీకి పెడతాడు. రెండో కంటి చోటు గుర్తు తప్పకుండా కాలు ఆనించి అదీ పీకబోతాడు.

లైట్లు వెయ్యంగనే మణుగూరు తమ్ముడు అన్నడు, "ఎప్పుడూ కన్ను మనదే పోవాలా అన్నా? ఏకలవ్యునిది బొటనవేలు పోయె, ఈయనది కన్ను పోయె. ఆ పూజారిది ఏం పోయింది?" ఇంకొకడు అడ్డం తగిలిండు. ఏకలవ్యుణ్ని ద్రోణుడు అడిగి తీసుకున్నడు, తిన్నణ్ని ఎవరూ అడగలే, ప్రేమతో తనే ఇచ్చిండు, రెండూ ఒకటెట్ల అయితయ్ అన్నడు. ఇది చాలా మంచి జవాబు అని నేను ఇప్పటికీ అనుకుంటా. అడిగితే ఇచ్చింది వేరు, తనంతట తానిచ్చింది వేరు. కానీ నాకు గుచ్చుకున్నది ఇంకోటి. ఆ కథలో తిన్నడు పూర్వజన్మలో అర్జునుడు. అంటే అంత భక్తి ఒక వేటగానికి ఊరికే వచ్చిందంటే కథ నమ్మలేకపోయింది. వెనక ఒక క్షత్రియుణ్ని పెట్టాల్సి వచ్చింది. మన మనిషి మన మనిషిగానే గొప్పవాడు అయ్యే కథ ఎక్కడన్నా ఉందా అని అడిగితే, ఒకరు ఆర్.ఆర్.ఆర్. అన్నరు. అక్కడ కూడా చివర్ల భీం రాముణ్ని చదువు అడుగుతాడు కదా అని ఇంకొకరు అందుకున్నరు. జోడేఘాట్‌లో 1940లో ప్రాణం ఇచ్చిన మనిషి, జల్ జంగల్ జమీన్ అని మనం ఎవరి పేరు మీద అంటమో ఆ మనిషి, ఇంకొకరి దగ్గర చెయ్యి చాపుడు ఏందని ఉట్నూరన్నకు ఇప్పటికీ కోపమే. ఆ సినిమా పేరెత్తితే ఆయన పక్కన కూర్చోవద్దు.

ఇంకో సినిమా 'ఈ.మ.యౌ', మలయాళం, 2018. లిజో జోస్ పెల్లిస్సెరి డైరెక్టర్. దాని గురించి రాయడం నాకు కష్టం. కేరళ సముద్రం ఒడ్డున చెల్లానం అనే ఊరు. తండ్రికి ఘనంగా అంత్యక్రియలు చేస్తనని కొడుకు మాట ఇస్తాడు. ఆ రాత్రే తండ్రి చనిపోతాడు. వాన, అప్పు, ఊరి పుకార్లు. చావు మీద అనుమానం ఉందని ఫాదర్ గారు చర్చి స్మశానంలో చోటు లేదంటాడు. చివరికి కొడుకు తన వాకిట్లోనే గుంట తవ్వి పాతిపెడతాడు. సబ్‌టైటిల్స్ ఇంగ్లీషుల ఉంటే సీనియర్ అన్న ఆపి ఆపి చెప్పిండు. సగం నుంచి నాకు అన్న చెప్పేది వినబడలే.

మా తాత అంతకుముందు ఎండాకాలమే పోయిండు. మా నాయన వేల్పును మొక్కుతడు. మా చిన్నాయన చర్చికి పోతడు. తాత చివరి నెలలు చిన్నాయన ఇంట్ల ఉన్నడు, ప్రార్థనలు అక్కడనే జరిగినయ్. పోయినంక, ప్రార్థన చేస్తే డోలు మోగొద్దని ఒక పక్క, డోలు మోగకపోతే తాత పెద్దల్ల కలవడని ఇంకో పక్క. పొద్దున పోయిన మనిషి తెల్లారి మధ్యాహ్నందాకా వాకిట్లనే ఉన్నడు. మే నెల. ఐస్ గడ్డలు తెచ్చింది నేను, ఏటూరునాగారం దాక బండి మీద పోయి. ఆఖరికి అవ్వ లేచి, "బతికున్నప్పుడు ఈయన అన్నం తిన్నడా లేదా అని మీరెవ్వలు అడగలే, ఇప్పుడు ఈయన ఎవరోడని కొట్లాడవడితిరి" అన్నది. పొలిమేరదాకా డోలు, గుంట దగ్గర ప్రార్థన. పాస్టర్ గారు రాలేదు. చిన్నాయనే పుస్తకం తెరిచి చదివిండు, గొంతు పోయింది మధ్యల. మా నాయన పక్కకు పోయి నిలబడి, మళ్లీ వచ్చి చిన్నాయన భుజం మీద చెయ్యి వేసిండు. ఒక మాట కూడా చెప్పాలి. మా చిన్నాయన తాగుడు మానింది చర్చికి పోయినాకనే. చెల్లెకు జ్వరం వస్తే రాత్రిపూట దవాఖానకు బండి మీద తీసుకపోయింది కూడా ఆ పాస్టర్ గారే. అందుకే చర్చికి పోయేటోళ్లు మనోళ్లు కాదని ఎవరన్నా ఈ గ్రూపుల రాస్తే నేను లైక్ కొట్టలేను.

ఆ సినిమా అయినాక చర్చి తమ్ముడు ఒక మాట అన్నడు. కొడుకు ఫాదర్ గారి మీద చెయ్యి చేసుకున్నడు గాని దేవుణ్ని వదిలిపెట్టలే, దేవుడు వేరు, దేవుని పేరు మీద మాట్లాడేటోడు వేరు, అని. దైవమా నువ్వా అన్న ప్రశ్న వాళ్ల చర్చిలో కూడా ఉందన్నమాట. ఈ మాట అన్నది ఎవరనుకుంటున్నరు? కాంతార రాత్రి కాలర్ పట్టుకున్న తమ్ముడే. వాణ్ని ఒక్క రాత్రి మీద లెక్కగట్టొద్దు.

సత్యజిత్ రాయ్ 1991లో తీసిన 'ఆగంతుక్' కూడా చూసినం, ఆయన చివరి సినిమా అది. ముప్పై అయిదేండ్లు దేశాలు తిరిగి, ఆదివాసుల మధ్య బతికి వచ్చిన ఒక మేనమామ, నాగరికత అంటే ఏంది, మనుషుల్ని విడగొట్టే మతం ఎందుకు అని సోఫాలో కూర్చొని అడుగుతుంటే పట్నంవాళ్ల నోరు పడిపోతది. మాకు బాగా నచ్చింది. కానీ మన తరఫున అంత బాగా మాట్లాడేది ఆయన. సంతాలీలు చివర్ల వచ్చి నాట్యం చేస్తరు. ఒక్క మాట మాట్లాడరు. చూసినప్పుడు ఇది నాకు తట్టలే, సూర్యాపేట నుంచి వచ్చిన లంబాడ తమ్ముడు చెప్పిండు. చెప్పినాక ఆ సోఫా సీను మళ్లీ అంతే సంతోషంగ చూడలేకపోయిన.

ఇప్పుడు అసలు అడిగేది. వార్డెన్ సార్‌కు లెటర్ రాసినం, ఇరవై ఏడు సంతకాలు అయినయ్. కొన్ని మార్పులు మేమే ఒప్పుకున్నం. పాస్టర్ చెప్పిండు, స్వామి చెప్పిండు, యూట్యూబ్‌లో విన్న అనే మాట బంద్. నీ ఇంట్ల ఏం జరిగింది, నువ్వేం చూసినవ్, అది చెప్పు. మాట్లాడేటోడు అయిపోయేదాకా ఇంకొకరు లేవొద్దు. సినిమా రాత్రి కాకుండా పగలు పెట్టాలని కూడా అడిగినం. ఏడాదిగా దేవుని మీద ఇంత మాట్లాడినం, ఒక్క ఆడపిల్ల లేదు అక్కడ. పూనకాలు వచ్చేది ఎక్కువ మన అవ్వలకు, అమ్మలకు. మాట్లాడేది మొత్తం మేము. కాలేజీ సెమినార్ హాల్ ఇస్తే చెల్లెళ్ల హాస్టల్ వాళ్లు కూడా వస్తమన్నరు.

చదువు పాడైతదన్న అన్నలకు ఒక్కటే చెబుతా. వారంల మూడు గంటలు. క్రికెట్‌కు అంతకంటే ఎక్కువ పోతది, దాని మీద ఎవరూ పోస్ట్ పెట్టరు.

మీ దగ్గర మంచి సినిమాలు ఉంటే కింద రాయండి. తెలుగు సబ్‌టైటిల్స్ దొరికితే ఇంకా మంచిది. గోండి, కోయ, సంతాలీ భాషల్ల మనోళ్లే తీసిన షార్ట్ ఫిలింలు ఉంటే ముందు అవే కావాలి.

మాల వేసుకున్న తమ్ముడు నిన్న మెస్ లైన్ల నా వెనక నిలబడి, నెక్స్ట్ ఏ సినిమా అన్నా అని మెల్లగ అడిగిండు. చర్చి తమ్ముడు మాత్రం ఇంకా మాట్లాడతలేడు, ఆదివారం పొద్దుగాలనే బయటికి పోయి రాత్రి వస్తున్నడు. వాని రూం పై ఫ్లోర్ల చివరిది. ఇయ్యాల తిన్నంక పోయి కూర్చుంట.